వింగ్ చున్ (చైనా యుద్ధకళ) క్లాసులో కొయ్యబొమ్మ సాధన మొదట్లోనే ఎందుకు ఉండదు?

ఎందుకంటే ఆ బొమ్మ (మూడు చేతులు, ఒక కాలు) తప్పును సరిదిద్దదు, గట్టిపరుస్తుంది. ముందు సియు నిమ్ తావ్ అనే ఫారమ్ (ఒంటరిగా చేసే కదలికల వరుస). ఇందులో అడుగు కదలదు. మోకాళ్లు కాస్త లోపలికి, మోచేయి ఛాతీ మధ్యగీత దగ్గర. తొందరపడితే భుజాలు పైకి లేస్తాయి, మోచేయి పక్కకు జారుతుంది, గుద్దులో ఒంటి బలం చేరదు. అందుకే మొదటి భాగాన్ని బాగా నెమ్మదిగా చేయించాలి.

తర్వాత నడుముతో తిరగడం, వరుస గుద్దులు. ఆపై జంటగా చి సావ్ (చేతులు ఆనించి చేసే సాధన): ముందు ఒక్క చేత్తో, కుదిరాక రెండు చేతులతో. ఎదుటివాడి ఒత్తిడిని చర్మంతో పసిగట్టడమే ఇక్కడి పని. బలంకొద్దీ నెట్టుకుంటే ఆ సాధన వృథా. చుమ్ క్యు అనే రెండో ఫారమ్ వచ్చాకే సాధారణంగా కొయ్యబొమ్మ. పొడవాటి కర్ర, జంట కత్తులు చివర్లో.