అమ్మలూ, బయలుదేరే ముందు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న దీవెనలు.

చికాగోలో సీటు వచ్చిందని, ఆగస్టులో ప్రయాణమని మీ నాన్న చెప్పగానే వీధిలో కనిపించినవాళ్లందరికీ చెప్పి వచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఈ 2021లో ఇల్లు దాటాలంటేనే భయం, నువ్వేమో సముద్రాలు దాటుతున్నావు.

కొవిషీల్డ్ రెండో డోసుకు 84 రోజులు ఆగకు. చదువుకోవడానికి విదేశాలకు వెళ్లేవాళ్లకు 28 రోజులు దాటితే వేస్తున్నారు. ధ్రువపత్రంలో పాస్‌పోర్టు నంబరు పడిందో లేదో చూసుకో. ఆర్టీపీసీఆర్ పరీక్ష ప్రయాణానికి మూడు రోజుల లోపుదై ఉండాలి. క్లాసులు మొదలయ్యేందుకు 30 రోజులకన్నా ముందు అమెరికాలోకి రానివ్వరు. మొన్న జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం మొదలైంది. టికెట్ దొరికితే ధర చూడకు. దారిలో ఇంకో దేశంలో దిగితే అక్కడి నిబంధనలూ నీ నెత్తినే పడతాయి. అవి రాత్రికి రాత్రే మారిపోతున్నాయి.

ఇవన్నీ నీకు తెలిసినవే. నీకు తెలియనిది ఒకటుంది.

1994 సెప్టెంబరులో నేను దుబాయి వెళ్లడానికి బొంబాయి చేరాను. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన డబ్బు, చేతిలో వీసా. అదే వారం సూరత్‌లో ప్లేగు బయటపడింది. గల్ఫ్ దేశాలు మన దేశం నుంచి విమానాలు ఆపేశాయి. ఒక్క గదిలో పదకొండు మందిమి ఉండేవాళ్లం. ఎవరు దగ్గినా మిగతావాళ్లం గోడవైపు తిరిగేవాళ్లం. టెట్రాసైక్లిన్ కోసం ఎన్ని మందుల దుకాణాలు తిరిగానో! చూస్తుండగానే వీసా గడువు తీరిపోయింది.

అది నా చేతిలో లేదు. నేను చేసిన తప్పు వేరు. అమ్మ బెంగపడుతుందని 'క్షేమంగా దుబాయి చేరాను' అని ఉత్తరం రాసి పోస్టు చేశాను. దాని మీద బొంబాయి ముద్ర పడుతుందన్న ఆలోచనే రాలేదు. ఆ ముద్ర మీ నాన్న చూశాడు. అప్పుడు వాడు డిగ్రీ మొదటి ఏడాది. ఉత్తరం అమ్మకు చదివి వినిపించి, కవరు దాచేశాడు. బొంబాయిలో జనం పిట్టల్లా రాలిపోతున్నారని ఊళ్లో ఎవరో అన్నప్పుడల్లా వాడొక్కడే లోపల కుమిలిపోయాడు. నేను తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డ రోజు వాడు పలకరించలేదు. పెరట్లోకి వెళ్లి ఏడ్చాడు.

నీ టికెట్ అనగానే మీ నాన్న ఎందుకు చిరాకు పడుతున్నాడో ఇప్పుడు అర్థమైందా? వాడి మీద అలగకు. పరీక్షలో పాజిటివ్ వచ్చినా, విమానం రద్దయినా, అక్కడ జ్వరమొచ్చి గదిలో ఒంటరిగా పడుకున్నా, మొదటి ఫోను వాడికే చెయ్యి. 'బాగున్నాను' అని అబద్ధం చెప్పావో, నేను ఊరుకోను.

శంషాబాద్ దాకా నేనూ వస్తాను తల్లీ. మమ్మల్ని లోపలికి రానివ్వకపోయినా ఫరవాలేదు. నీ విమానం లేచిందని తెలిశాకే, నేనూ మీ నాన్నా బండి తీస్తాం.

ఇట్లు,
మీ పెదనాన్న