గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్న రన్నర్ ఏ దేశం జెర్సీ వేసుకోవాలి?

ప్రశ్న: మాది గుంటూరు. చాలా ఏళ్లుగా డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాది ఉద్యోగ వీసా హెచ్‌1బి, బాబుది దాని మీద ఆధారపడిన హెచ్‌4. వాడికి పదహారేళ్లు, లెవెన్త్ గ్రేడ్. స్కూల్ క్రాస్ కంట్రీ టీమ్‌లో వాడే ముందుంటాడు. 3200 మీటర్లు 9 నిమిషాల 18 సెకన్లలో పరిగెత్తాడు. కెన్యా, ఎరిట్రియా నుంచి వచ్చినవాళ్లు అమెరికాకు మెడల్స్ తెచ్చారు కదా, నేనూ తెస్తానంటాడు. కుదరకపోతే ముందు ఇండియాకు పరిగెత్తి, సిటిజన్‌షిప్ వచ్చాక ఇటు మారతాడట. ఇది అయ్యే పనేనా? చదువు సంగతేంటి?

జవాబు: మీవాడి కోరికను కొట్టిపారేయనక్కర్లేదు. అయితే వాడు చూస్తున్న రన్నర్ల కాళ్లతోపాటు వాళ్ల కాగితాలు కూడా చూడాలి.

మెబ్ కెఫ్లెజిగి సంగతే తీసుకోండి. ఎరిట్రియాలో యుద్ధం నుంచి తప్పించుకుని ఆ కుటుంబం ఇటలీ మీదుగా 1987లో శాన్ డియాగో చేరింది. అప్పటికి అతనికి పన్నెండేళ్లు. ఏడో తరగతి పీటీ క్లాసులో మైలు పరిగెత్తమంటే 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాడు. ఆ తర్వాత యూసీఎల్ఏలో చదివాడు, 1998లో పౌరసత్వం వచ్చింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ మారథాన్‌లో రజతం, 2014లో బోస్టన్ మారథాన్ విజయం. దేశంలో అడుగుపెట్టాక పౌరసత్వానికి పదకొండేళ్లు పట్టింది, కానీ శరణార్థిగా వచ్చినవాడికి దారి మొదటిరోజు నుంచే తెరిచి ఉంది. పైగా దేశాలవారీ కోటా అడ్డు లేదు.

మీ ఇంట్లో ఉన్నది వేరే క్యూ, ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డ్‌ది, దేశాలవారీ కోటా ఉన్నది. దాని గురించి మీకు నేను చెప్పేదేముంది! బాబుకి 21 నిండేలోపు మీ ప్రయారిటీ డేట్ (అంటే క్యూలో మీ వంతు) రాకపోతే వాడు ఏజ్ అవుట్ అయి, అంటే పిల్లల లెక్కలోంచి వయసు దాటిపోయి, విద్యార్థి వీసా ఎఫ్‌1కి మారాలి. అంటే మీ క్యూలోంచి కూడా బయటికి వచ్చేసినట్టే. ఎప్పుడో గ్రీన్‌కార్డ్ వచ్చినా పౌరసత్వానికి మామూలుగా ఇంకో ఐదేళ్లు. అమెరికా జట్టులో ఉండాలంటే పౌరసత్వం తప్పనిసరి. 5000, 10000 మీటర్ల రన్నర్‌కి మంచి వయసు అంతా ఈ కాగితాల్లోనే గడిచిపోవచ్చు.

‘ఆర్మీలో చేరితే?’ అని ఎవరైనా సలహా ఇస్తారు, ముందే చెబుతున్నా. పాల్ చెలిమో కెన్యా నుంచి చదువుకోడానికి వచ్చి, 2014లో అమెరికా సైన్యంలో చేరి, ఆ దారిలో త్వరగా పౌరుడయ్యాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో 5000 మీటర్లు రెండోవాడిగా ముగించి టీవీకి ఇంటర్వ్యూ ఇస్తుంటే, గీత తొక్కావు, నిన్ను తీసేశారు అని అక్కడే చెప్పారు. అప్పీలు చేశాక రజతం నిలిచింది. చూడ్డానికి భలే కథ. కానీ వీసా మీద ఉన్నవాళ్లని చేర్చుకున్న ఆ స్కీమ్ 2016లోనే ఆగిపోయింది. మీవాడు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక ‘ముందు ఇండియా, తర్వాత అమెరికా’ ప్లాన్. ఇది మీవాడు అనుకున్నంత సులువు కాదు, మీరు భయపడుతున్నంత ప్రమాదమూ కాదు. 2018లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య నియమాలు బిగించింది. ఒక దేశం తరఫున పరిగెత్తినవాడు ఇంకో దేశానికి మారాలంటే మూడేళ్లు ఆగాలి, వయసు ఇరవై నిండాలి. ఇంకో మూడో దేశానికి గెంతడం లేదు. ఒలింపిక్స్‌కీ మూడేళ్ల నిబంధన ఉంది. పాత దేశం ఒప్పుకుంటే దాన్ని తగ్గించే వీలుంది, కానీ ఒప్పుకోవాలిగా! స్టీఫెన్ చెరోనో 2003లో కెన్యా వదిలి ఖతార్ పౌరుడై సైఫ్ సయీద్ షాహీన్ అయ్యాడు. 2004లో స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు, నీటిగుంట దాటుతూ పరిగెత్తే పోటీ) ప్రపంచ రికార్డు అతనిదే. కెన్యా ససేమిరా అనడంతో అదే ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మాత్రం దిగలేకపోయాడు.

పాత దేశం జెర్సీ వేసుకున్నవాళ్లకీ, వేసుకోనివాళ్లకీ తేడా బాగా తెలియాలంటే ఇద్దర్ని పక్కపక్కన పెట్టి చూడండి. బెర్నార్డ్ లగాట్ కెన్యాకు 1500 మీటర్లలో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం, ఏథెన్స్‌లో రజతం తెచ్చాడు. 2004లోనే అమెరికా పౌరుడైనా, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కొత్త జెర్సీ వేసుకోడానికి 2007 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది ఒసాకాలో 1500, 5000 రెండూ గెలిచాడు. సిఫాన్ హసన్ పదిహేనేళ్ల వయసులో ఇథియోపియా నుంచి నెదర్లాండ్స్‌కు శరణార్థిగా వెళ్లింది. పాత దేశం జెర్సీ ఎప్పుడూ వేసుకోలేదు. 2013 నవంబర్‌లో డచ్ పౌరసత్వం వచ్చింది, డిసెంబర్‌లో యూరోపియన్ క్రాస్ కంట్రీలో అండర్‌-23 విజేత.

అందుకని ఇండియా జెర్సీ వేసుకోకుండా దాచిపెట్టుకోమంటారా అని మీరు అడగొచ్చు. వద్దంటాను. గ్రీన్‌కార్డ్ క్యూ ముందు ఆ మూడేళ్లు ఒక లెక్కా? మీ కాగితాలు తెమిలేలోపు అవి ఎప్పుడో గడిచిపోతాయి. ఎప్పుడొస్తుందో తెలియని జెర్సీ కోసం, పాస్‌పోర్ట్ చేతిలో ఉన్న దేశాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు. ఒకటి మాత్రం మర్చిపోకండి: అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజున భారత పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డుతో ఇండియా జట్టులో చోటు ఉండదు.

అలాగని ఇండియా టీమ్ ‘బ్యాకప్’ అనుకుంటే పొరపాటు. భారత రన్నర్ గుల్వీర్ సింగ్ 2025లో బోస్టన్ ఇండోర్ ట్రాక్ మీద 5000 మీటర్లు 12:59.77లో, తర్వాతి నెలలో 10000 మీటర్లు 27:00.22లో పరిగెత్తాడు. పోటీ ఆ స్థాయికి వెళ్లింది. ఫ్రిస్కోలో కూర్చుంటే పిలుపు రాదు. ఇండియాలో మీ రాష్ట్ర అథ్లెటిక్స్ అసోసియేషన్‌లో పేరు నమోదు చేయించుకుని, అక్కడికి వెళ్లి జాతీయ పోటీల్లో పరిగెత్తాలి. తిరిగొచ్చేటప్పుడు వీసా స్టాంపింగ్ చిక్కులుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు లాయర్‌తో మాట్లాడండి.

ఇప్పుడు అసలు పని కాలేజీ. 9:18 మంచి టైమింగ్. కానీ కాలేజీ క్రీడల్లో పై అంచె అయిన డివిజన్ వన్‌లో పేరున్న జట్ల కోచ్‌లు 9 నిమిషాలకు అటూ ఇటూ ఉన్నవాళ్ల కోసం వెతుకుతారు. రన్నింగ్‌కి ఫుల్ స్కాలర్‌షిప్ అరుదు, ఉన్న డబ్బుని జట్టులో చాలామందికి పంచుతారు. ఎఫ్‌1లోకి మారాక షూ కంపెనీల నుంచి డబ్బు తీసుకోవడమూ వీసా చిక్కే, విద్యార్థి వీసా మీద ఆ సంపాదన చెల్లదు. అందుకే రన్నింగ్ జట్టుని చూసి కాదు, డిగ్రీని చూసి కాలేజీ ఎంచుకోమంటాను. వాడికి ఇష్టమైతే ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ ఉంది, ఫిజికల్ థెరపీ ఉంది. కంప్యూటర్ సైన్సే కావాలంటే అదీ మంచిదే, ఓపీటీ (చదువయ్యాక ఎఫ్‌1 మీదే పనిచేసే అనుమతి) లెక్కలో మూడేళ్లు కలిసొస్తాయి. సిఫాన్ హసన్ కూడా నర్సింగ్ చదువుతూనే పరుగు మొదలుపెట్టింది.

ఇంకో మాట. పెద్ద మారథాన్లలో ప్రైజ్ మనీ జెర్సీని అడగదు. బోస్టన్‌లో మెబ్ గెలిచిన ఏడాది మొదటి బహుమతి లక్షా యాభై వేల డాలర్లు. ఏ దేశంవాడు ముందొచ్చినా అంతే.

ఈ వేసవిలో ఇరవై, ముప్పై కాలేజీల కోచ్‌లకి టైమింగ్స్, జీపీఏ, వీసా స్టేటస్ దాచకుండా మెయిల్స్ పంపించండి. టెన్త్ గ్రేడ్ అయిపోయాక కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు. ఆ మెయిల్స్ వాడే రాయాలి. నాన్న రాస్తే రెండో లైన్‌లోనే తెలిసిపోతుంది, మీరు అక్షరదోషాలు దిద్దండి చాలు.