మాడలేదమ్మా, గడ్డకట్టాయి

మల్లేశ్వరం,
బెంగళూరు

చి. తులసికి,

నీ కథ అందింది. సంభాషణలు బాగున్నాయి. కానీ రెండో పేజీలో "భూమి వేడెక్కి అలాస్కా ఎల్లో సీడార్లు మాడిపోయాయి" అన్న వాక్యం దగ్గర కాగితాలు పక్కన పడేశాను. మాడలేదమ్మా. అవి చలికి చచ్చాయి.

ఆ చెట్టు వేళ్లు తడినేలలో పైపైనే అల్లుకుంటాయి. చలికాలమంతా మంచు వాటి మీద బొంతలా పరుచుకుని కాపాడేది. ఇప్పుడు మంచుకు బదులు వాన పడుతోంది. చలికాలం చివర్లో కాస్త వెచ్చబడితే చాలు, ఆ చెట్టు తొందరపడి చలిని తట్టుకునే శక్తి వదిలేసుకుంటుంది. ఆ తర్వాత వచ్చే గట్టి చలికి, పైన మంచు లేక, సన్నవేళ్లు చచ్చిపోతాయి. ఒక్క అలాస్కాలోనే 2 లక్షల హెక్టార్లకు పైగా ఇలా దెబ్బతింది. అమెరికా అటవీశాఖలో పాల్ హెన్నన్, ఆయన తోటివాళ్లు బూజులనీ పురుగులనీ అనుమానించి, ఒక్కొక్కటే కాదని తేల్చుకుంటూ చివరికి ఈ కారణం దగ్గరికొచ్చారు. వేడెక్కుతున్న లోకంలో చలిచావు! ఇంత కథ చేతిలో పెట్టుకుని "అడవితల్లి కన్నీరు" అంటూ మూడు పేరాలా? ఈ కన్నీటి ఫ్యాషన్, కథల పోటీలవాళ్లు అంటించిన జబ్బు. నువ్వు కారణం రాయి, ఏడవాలో వద్దో చదివేవాళ్లు చూసుకుంటారు.

ఇక్కడి పీణ్య పారిశ్రామికవాడలో నైట్ షిఫ్టులు చేస్తూ, నల్లమల వెదురు పూశాక మూకుమ్మడిగా ఎందుకు చచ్చిపోతుందో ఒక వ్యాసం రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ ఆ "ఎందుకు" మొత్తం కోసేసి, వెన్నెల బొమ్మ వేసి అచ్చేశాడు. సైన్స్ అంటే పాఠకులకి టెన్షనట! తర్వాత నాకొచ్చిన ఉత్తరాలన్నిటిలో ఒకటే ప్రశ్న: ఇంతకీ వెదురెందుకు చచ్చిపోయిందండీ?

నీ టాస్మానియా మంట కూడా అంతే. 2016 జనవరిలో ఆ ఆస్ట్రేలియా దీవిలో వాన లేకుండా పిడుగులు పడి, ఎండిపోయిన అడవులూ, కింద సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న పీట్ నేలా అంటుకున్నాయి. వెయ్యేళ్లు బతకగల పెన్సిల్ పైన్లు కాలిపోయాయి. యూకలిప్టస్‌లాగా అవి కాలాక చిగురించవు. విత్తనాలూ దూరం పోవు. నువ్వేమో చివరి పేజీలో బూడిదలోంచి లేత చిగురు లేపావు. తీసెయ్.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, ఆ సంగతి తర్వాత. తిరగరాసేటప్పుడు నీ కథలోని పెరంబూరు అమ్మాయి చేత అడవిలో ఫొటోలు తీయించకు. వేళ్లు తవ్వించు. మంచు ఎంత లోతుందో కొలిపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు