అంత్యక్రియల గురించి ముందే రాసిపెట్టాలంటే, మొదటి ఆరు గంటల కోసం రాయండి

మీకు 60 దాటాయి, హైదరాబాద్ ఫ్లాట్‌లో మీరిద్దరే ఉంటారు, పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. మీ అంత్యక్రియలు ఎలా జరగాలో ముందే రాసిపెడతానంటే మీ ఆవిడ వినడం లేదు. విల్లులో రెండు ముక్కలు రాస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. విల్లు బయటికి తీసేది పెద్దకర్మ అయ్యాక, చుట్టాలంతా వెళ్లిపోయాక. అప్పటికి దహనమూ అయిపోతుంది, అస్థికలూ కలిపేసి ఉంటారు. పైగా ఈ విషయంలో మీ కోరికకు చట్టం బలం పెద్దగా లేదు. ఇంట్లోవాళ్లు సరేనంటేనే జరుగుతుంది. అందుకని ఇది ఆస్తి కాగితాలతో కలపకుండా విడిగా ఉండాలి, అందరికీ తెలిసి ఉండాలి.

మా మామగారు ఈ పని చేసి వెళ్లారు. ఆయన పోయినప్పుడు ఇంట్లో ఉన్నది నేను, అత్తగారు. మావారు ఆఫీసు పని మీద బెంగళూరులో ఉన్నారు, మరిది అమెరికాలో. బీరువా తలుపు లోపలివైపు అంటించిన ఒక్క కాగితం ఆ పూట నన్ను నడిపించింది. దాని నకలు కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దాయన దగ్గర కూడా ఉంది. రాసేటప్పుడే ఆయన్ను కూర్చోబెట్టుకుని రాశారట. దాన్నిబట్టి మీకు గట్టిగా చెప్పగలిగేది ఒకటే: పిల్లలను మనసులో పెట్టుకుని రాయకండి. ఆ గంటలో తలుపు తీసుకుని మొదట లోపలికి వచ్చే మనిషి ఎవరో ఆలోచించి, వాళ్లకు అర్థమయ్యేలా రాయండి. పొరుగువాళ్లు కావచ్చు, తమ్ముడి కొడుకు కావచ్చు, వాచ్‌మన్ కూడా కావచ్చు.

కాగితంలో మొదటి పేరు డాక్టరుది. ఇంట్లో మామూలుగా పోయినప్పుడు, ఇన్నాళ్లూ చూస్తున్న డాక్టరు వచ్చి చూసి మరణ కారణం రాసివ్వాలి. ఇంటి దగ్గర మరణాలకు అది 4ఏ ఫారం. శ్మశానవాటిక ఆఫీసులోనూ డాక్టరు కాగితం, పోయినవాళ్ల ఆధార్, బాధ్యత తీసుకున్నవాళ్ల ఆధార్ అడుగుతారు. ముక్కూమొహం తెలియని డాక్టర్లు ఇంటికి వచ్చి సంతకం పెట్టడానికి వెనకాడతారు. అందులో వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. మామగారు తన డాక్టరుతో ముందే మాట్లాడి ఉంచారు, నంబరు పక్కనే ‘రాత్రయినా చేయవచ్చు’ అని రాసుకున్నారు. మీరు ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి.

రెండోది కళ్లు. నేత్రదానం చేయాలంటే మరణించిన ఆరు గంటల లోపు కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శకమైన పొర, తీయాలి. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఉన్న రామాయమ్మ ఐ బ్యాంక్‌కు ఫోన్ చేశాం, వాళ్లే ఇంటికి వచ్చారు. వాళ్లు వచ్చేదాకా ఫ్యాను ఆపేయాలి, రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, తల కింద దిండుంచి కాస్త ఎత్తుగా ఉంచాలి. షుగరు ఉన్నా, అద్దాలు పెట్టుకున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వవచ్చు. తీశాక ముఖం ఏమీ మారదు. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మీరు బతికుండగా నింపిన ప్రతిజ్ఞ కార్డు ఉన్నా సరే, ఆ సమయంలో ఇంట్లోవాళ్లు సంతకం పెట్టాల్సిందే. అత్తగారు ఏడుస్తూనే సంతకం చేశారు. ఆయన ఆవిడతో చాలాసార్లు చెప్పి ఉండబట్టే చేశారు. కార్డు చూపించి ఒప్పించమంటే నావల్ల అయ్యేది కాదు.

ఇక ఈ నగరంలో ప్రతి ఇంట్లోనూ తలెత్తే ప్రశ్న: కొడుకు వచ్చేదాకా ఉంచాలా, వద్దా? టికెట్ దొరకాలి, వీసా స్టాంపింగ్ చిక్కులు ఉండకూడదు, రెండు విమానాలు మారాలి. ఈలోపు ఫ్రీజర్ బాక్స్ చుట్టూ కూర్చుని ఇంట్లోవాళ్లు తిండీ నిద్రా లేకుండా అయిపోతారు. ‘వచ్చేదాకా ఆపండి’ అని ఒకరు, ‘అంతసేపు ఉంచకూడదు’ అని ఇంకొకరు. ఎవరు నిర్ణయం తీసుకున్నా జీవితాంతం మాట పడతారు. మామగారు ఆ భారం మా ఎవరి మీదా పెట్టలేదు. ‘చిన్నవాడి కోసం ఆపవద్దు. పెద్దవాడు అందుబాటులో లేకపోతే కోడలు గానీ నా తమ్ముడు గానీ తలకొరివి పెట్టవచ్చు. చిన్నవాడు పదో రోజుకు వస్తే చాలు, వాడి మీద నాకు ఏ కోపమూ లేదు’ అని రాశారు. మావారు రాత్రికల్లా చేరుకున్నారు, మర్నాడు పొద్దున్నే తీసుకెళ్లాం. మరిది వీడియోలో చూశాడు. ‘ఏ కోపమూ లేదు’ అన్న ఆ మాటను ఫొటో తీసి పంపాను. అది ఇప్పటికీ ఫోన్‌లో దాచుకున్నాడు. మీ పిల్లలు దూరంగా ఉన్నారు కాబట్టి, ఇంకేది రాసినా రాయకపోయినా ఈ వాక్యం మాత్రం మీ చేతిరాతతో ఉండాలి. అమ్మాయే ఉంటే అమ్మాయి కొరివి పెట్టవచ్చని మీరే రాయండి. మీ మాట ఉంటే బంధువులు నోరెత్తరు.

అపార్ట్‌మెంట్ సంగతులు చిన్నవిగా కనిపిస్తాయి గానీ ఆ వేళ అవే ఏడిపిస్తాయి. లిఫ్టులో పాడె పట్టదు, ఫ్రీజర్ బాక్సూ పట్టదు. సెల్లార్‌లో ఎక్కడ ఉంచాలి, ప్లగ్ పాయింట్ ఉందా, కరెంటు పోతే జనరేటర్ లైను అక్కడికి వస్తుందా అన్నది సెక్రటరీతో ముందే మాట్లాడుకోండి. కర్మ చేయడానికి అసోసియేషన్లు చాలావరకు ఒప్పుకోవు. కర్మ చేసుకోవడానికి హాలు ఎక్కడ దొరుకుతుందో పురోహితుడి నంబరుతో పాటు రాయండి. అద్దె ఇల్లయితే ఓనరుతో ఇప్పుడే తేల్చుకోవాలి. మాకు తెలిసిన ఒకావిడ భర్త ఆసుపత్రిలో పోతే, ఇంటి యజమాని గేటు లోపలికి రానివ్వలేదు. ఆ తల్లి రోడ్డు మీద షామియానా కింద కూర్చోవలసి వచ్చింది. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. అలాంటి అనుమానం ఏమాత్రం ఉన్నా, ఏ తమ్ముడింటికి తీసుకెళ్లాలో, లేదా నేరుగా శ్మశానానికే తీసుకెళ్లాలో రాసిపెట్టండి.

శ్మశానం పేరు కూడా రాయాలి. పంజాగుట్ట, బన్సీలాల్‌పేట, అంబర్‌పేట, పురానాపూల్, జూబ్లీహిల్స్ మహాప్రస్థానం... ఒక్కో ఇంటికి ఒక్కో అలవాటు. ముందే వెళ్లి చూసి రండి. కట్టెలతోనా, కరెంటు లేదా గ్యాస్ మీదా అన్నది ఇంకో తగాదా. కట్టెలైతే నాలుగైదు వందల కిలోలు పడతాయి, అస్థికలకు మర్నాడు మళ్లీ వెళ్లాలి. యంత్రం మీద అయితే అదే రోజు చేతికిస్తారు. మామగారు కరెంటుదే కోరుకున్నారు, అస్థికలు బాసరలో గోదావరిలో కలపమన్నారు. దింపుడు కళ్లం దగ్గర చెవిలో పిలవడం మాత్రం మానవద్దన్నారు. ఆయన తమ్ముళ్లు కట్టెలే అనేవాళ్లు. అన్నగారు ఏడాది ముందే వాళ్లతో ఎదురుగా చెప్పారు కాబట్టి ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు.

మీ ఆవిడ భయం నాకు అర్థమవుతోంది. మా అత్తగారు కూడా ‘తథాస్తు దేవతలుంటారు, ఆ మాటలు అనకండి’ అని చెవులు మూసుకునేవారు. కానీ పాతకాలంలో కాశీకి వెళ్లినవాళ్లు గంగ నింపి మూతకు సీలు వేసిన రాగిచెంబు తెచ్చి దేవుడి గదిలో పెట్టుకునేవారు కదా? ఆఖరి గుక్కలో నోట్లో పోయడానికే అది. సన్యాసం తీసుకునేవాళ్లు తమ శ్రాద్ధం తామే పెట్టుకుంటారు. పిల్లలు లేనివాళ్లు గయలో తమ పిండం తామే పెట్టుకుని వస్తారు. ముందుచూపు మన పెద్దలకు కొత్త కాదు, అపశకునం అంతకన్నా కాదు. మామగారు ఇదే చెప్పి ఒప్పించారు. అదీ పండగ పూట ఎప్పుడూ ఎత్తలేదు, ఎవరిదైనా పెద్దకర్మకు వెళ్లివచ్చిన సాయంత్రం ఎత్తేవారు. అప్పుడు ఆవిడే ‘వాళ్లింట్లో ఎంత గందరగోళం అయిందో చూశారా’ అని మొదలుపెట్టేవారు. అలా అడుగుతూ అడుగుతూ ఆవిడకేం కావాలో కూడా రాసుకున్నారు. పసుపు పట్టుచీర ఏ అరలో ఉందో ఆ కాగితంలోనే ఉంది.

సంస్మరణ సభ విషయంలో ఆయన చెప్పినవి తక్కువ. ఫ్లెక్సీ వద్దన్నారు. ఫొటో తానే ఎంచి ఫ్రేము కట్టించి ఉంచారు. లేకపోతే ఏ పెళ్లి గ్రూప్ ఫొటోలోంచో ముఖం కత్తిరించి పెద్దది చేయించేవాళ్లం. పదకొండో రోజు భోజనాలు ఇంటివాళ్లకే పరిమితం చేసి, మిగిలిన డబ్బుతో చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు పుస్తకాలు కొనివ్వమన్నారు. రిటైరయ్యాక ఆయన రోజూ వెళ్లి పేపర్లు చదివింది అక్కడే. పుస్తకాలు ఇస్తుంటే ఒకబ్బాయి, ‘నాకు లెక్కలు చెప్పింది ఈ సారే’ అన్నాడు. ఆయన అక్కడ లెక్కలు చెప్పేవారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. సభ పెట్టి వక్తలను పిలిస్తే ఈ మాట వినేవాళ్లం కాదేమో.

శరీరదానం చేయాలనుకుంటే ఉస్మానియా, గాంధీ వైద్య కళాశాలల అనాటమీ విభాగాల్లో కనుక్కోండి. పోస్టుమార్టం జరిగిన దేహాన్ని, కొన్ని అంటువ్యాధులుంటే కూడా తీసుకోరు, కాబట్టి రెండో దారి కూడా రాసి ఉంచాలి. పోయాక గుండె, కాలేయం, మూత్రపిండాలు ఇవ్వడం మామూలుగా బ్రెయిన్ డెడ్ అయినప్పుడే, ఆసుపత్రిలోనే కుదురుతుంది. మన దగ్గర అది 2013 నుంచి జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకం చూస్తోంది. వెంటిలేటర్ మీద ఎంతవరకు ఉంచాలన్న మీ కోరిక వేరే పత్రం. సుప్రీంకోర్టు 2018లో దాన్ని ఒప్పుకుంది, 2023 జనవరిలో తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు.

డబ్బు ముందే ఎవరికో కట్టేసే ప్యాకేజీల జోలికి పోకండని నా సలహా. మీ ఇద్దరి పేర, ఒకరు లేకపోయినా రెండోవారు తీసుకునే పద్ధతిలో జాయింట్ ఖాతా తెరిచి, ఖర్చులకు సరిపడా అందులో ఉంచండి. ఒక్కరి పేర ఉన్న ఖాతా ఆ రోజు ఎవరికీ అక్కరకు రాదు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆసుపత్రిలో అయితే వాళ్లే పంపుతారు, ఇంట్లో అయితే శ్మశానం రసీదు, డాక్టరు కాగితం పట్టుకుని మనమే వెళ్లాలి. ఆ రసీదు పారేయవద్దని కాగితంలో పెద్ద అక్షరాలతో రాయండి. సర్టిఫికెట్ నకళ్లు ఒకేసారి ఓ పది తీసుకుంటే మంచిది. బ్యాంకు, ఎల్‌ఐసీ, పింఛను ఆఫీసు, గ్యాస్ కనెక్షన్, అందరూ ఒక్కొక్కటి అడుగుతారు. మీకు పింఛను ఉంటే పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు, అందులో మీ ఆవిడ పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. అది సరిచేయించడం మీరుండగా ఒక దరఖాస్తుతో అయ్యే పని, మీరు లేనప్పుడు ఆవిడ నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.