వీధికుక్కల ఆపరేషన్ వ్యాను: ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా వీధిలో ఇరవై దాకా కుక్కలున్నాయి. అపార్ట్‌మెంట్ల వాళ్లం చందాలు వేసుకుని కు.ని. ఆపరేషన్ల వ్యాన్ పిలిపిద్దామనుకుంటున్నాం. ఒక్కరోజులో అయిపోతుందా? (పటమట, విజయవాడ)

జవాబు: అవదు. అయిపోతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. వ్యాన్‌లో ఆపరేషన్ బల్ల, మత్తుమందు, పనిముట్లలో క్రిముల్ని ఆవిరితో చంపే ఆటోక్లేవ్ ఉంటాయి. ఒక కుక్కకు వాడిన పనిముట్లు కడిగి ఆటోక్లేవ్‌లో పెట్టకుండా ఇంకోదానికి వాడకూడదు కాబట్టి, ఎన్ని సెట్లున్నాయని ముందే అడగండి. ఒక్క డాక్టరే ఉంటే రోజుకు ఎనిమిది, పదికి మించి ఒప్పుకోవద్దు. అంతకన్నా ముఖ్యం, ఆపరేషనయ్యాక కుక్క ఎక్కడుంటుందన్నది. పెంపుడు కుక్క ఇంటికెళ్తుంది. వీధికుక్కను కనీసం నాలుగు రోజులు బోనులో ఉంచి, కుట్లు చూసి, పట్టిన వీధిలోనే వదలాలి. ఆ బోన్లు చూపించలేని వ్యాన్ మనకొద్దు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఈ పని చేసే సంస్థకు జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉండాలి. చందా ఇచ్చేముందు ఆ పత్రం చూడండి. రేబిస్ టీకా కూడా ఈ పనిలో భాగమే.

ముందుగా ప్రతి కుక్కకూ ఫొటో తీసి ఆడా మగా రాసుకోండి. చెవి అంచు కత్తిరించి ఉంటే దానికి ఆపరేషన్ అయిపోయినట్టే. ఆరు నెలల్లోపు పిల్లల్నీ పాలిచ్చే తల్లుల్నీ పట్టించొద్దు. మిగతావాటిలో ఆడవాటితో మొదలుపెట్టండి.

ఎక్కువగా దెబ్బతినేది తిండి దగ్గరే. ముందురోజు రాత్రి తొమ్మిది తర్వాత వీధిలో ఎవ్వరూ ఏమీ పెట్టకూడదు. తెల్లారి ఎవరో జాలిపడి రెండు బిస్కెట్లు వేసినా, మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోయి కుక్క చచ్చిపోవచ్చు. గేటుగేటుకూ వెళ్లి చెప్పండి. వాచ్‌మన్లకూ, టిఫిన్ బండివాళ్లకూ చెప్పడం మరవకండి. నీళ్లు మాత్రం ఉంచండి.

మన ఎండల్లో పట్టడం ఉదయం ఏడులోపే పూర్తవ్వాలి. తరిమి తరిమి పట్టిన కుక్క ఒళ్లు అప్పటికే కాలిపోతుంటుంది. అది చల్లబడకుండా మత్తివ్వకూడదు. ఆపరేషనయ్యాక మాత్రం ఏసీలో చలికి వణుకుతుంది, కింద గోనెసంచులు పరచాలి.

ప్రశ్న: మేం అన్నం పెట్టే ఆడకుక్కకు ఆపరేషన్ తర్వాత రక్తం ఆగలేదు. డాక్టర్ తప్పేనా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: కడుపులో కట్టిన ముడి జారినా రక్తం పోతుంది, అప్పుడు తప్పు ఆపరేషన్‌దే. ఎదలో ఉన్న కుక్కకు రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, కోస్తే ఎక్కువ కారుతుంది. మన దగ్గర మూడో కారణమూ ఉంది, పిడుదు జ్వరం. పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా జబ్బులో రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కానీ కుక్క పైకి బాగానే తిరుగుతుంటుంది. చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులున్నా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కున రక్తం వచ్చినా ముందు రక్తపరీక్ష చేయించాలి. జబ్బుంటే డాక్టర్ చెప్పినట్టు డాక్సీసైక్లిన్ మూడు నాలుగు వారాలు వాడి, ప్లేట్‌లెట్లు పెరిగాకే ఆపరేషన్. ఈ పరీక్షకు చందాలో డబ్బు విడిగా తీసిపెట్టండి.

ప్రశ్న: మగపిల్లికి ఆపరేషనై పది రోజులైంది. బయటికి వదలొచ్చా? (భవానీపురం)

జవాబు: గాయం మానుంటుంది. కానీ లోపల మిగిలిన వీర్యంతో ఇంకొన్ని వారాలు పిల్లల్ని పుట్టించగలదు. ఆరు వారాలు ఆగండి.