ఓడలాట ఉత్తరాల మీద ఆడొచ్చా?

"నేను హనుమకొండలో, తమ్ముడు మంచిర్యాలలో. ఓడలాట పోస్టులో ఆడగలమా?" అని అడిగారు. హాయిగా ఆడొచ్చు, మేం అన్నదమ్ములం ఆడాం. ఇద్దరూ కాగితం మీద ఓడలు దాచి, ఎదుటివారి ఓడలున్న గడులను ఊహించి ముంచే ఆట ఇది.

ఇద్దరూ గళ్ల కాగితం మీద 10 అడ్డ వరుసలు, 10 నిలువు వరుసలు గీసుకోండి. ఒకవైపు అంకెలు, ఇంకోవైపు అక్షరాలు. 5, 4, 3, 3, 2 గడుల పొడవున్న ఐదు ఓడలు దాచాలి. మొత్తం 17 గడులు. అక్షరాల్లో ప, వ రెండూ పెట్టకండి. నేను తొందరలో రాసిన "ప 6"ను అన్న "వ 6"గా చదివాడు, రెండు ఉత్తరాలు దండగయ్యాయి.

ఉత్తరానికి ఒక్క దెబ్బ (ఊహించి చెప్పే గడి) చొప్పున అయితే నెలలు పడుతుంది. ఐదేసి దెబ్బలు రాయండి. జవాబులో ఒక్కోటి తగిలిందో లేదో, ఏ ఓడైనా మునిగిందో చెప్పి, తమ ఐదు దెబ్బలు రాయాలి. ఉత్తరానికి నంబరు వేసి, నకలు దగ్గర ఉంచుకోండి.

అసలు ముఖ్యం నమ్మకం. ఆట మొదలయ్యే ముందే మీ ఓడల పటం నకలు కవర్లో పెట్టి, అంటించిన చోట సంతకం చేసి తమ్ముడికి పంపండి. ఆయనా అలాగే పంపాలి. ఆట ముగిశాకే విప్పాలి. మధ్యలో ఓడ జరిపారా అన్న అనుమానమే రాదు.