కెమెరా వద్దంటున్న అమ్మ

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. ఒక్కతే ఉంటుంది. కెమెరా పెడతానంటే ‘నా ఇంట్లో నాకే కాపలానా?’ అంటోంది. వేరే దారి ఉందా?

జవాబు: ఉంది. అమ్మగారి మాటలో న్యాయమూ ఉంది. ఆవిడ ఏం చేస్తున్నారో మీరు చూడక్కర్లేదు. రోజూ జరిగే పని ఈ రోజు జరగలేదని తెలిస్తే చాలు. వంటింట్లో, హాల్లో చెరో మోషన్ సెన్సర్, బాత్రూమ్ తలుపుకు అది తెరిచి ఉందో మూసి ఉందో చెప్పే డోర్ సెన్సర్, వీటి కబురును ఇంటర్నెట్ ద్వారా మీ ఫోన్లోని యాప్‌కు పంపే హబ్ తీసుకోండి.

మోషన్ సెన్సర్‌ను రెండు మీటర్ల ఎత్తున, గది మూలలో బిగించండి. అది ఒంటి వేడి కదలడాన్ని పసిగడుతుంది. ఎదురుగా వచ్చే మనిషి కంటే అడ్డంగా దాటే మనిషిని బాగా పట్టుకుంటుంది. ఎండ పడే కిటికీకో హీటరుకో ఎదురుగా పెడితే ఎవరూ లేకున్నా కదలిక చూపిస్తుంది. గది వేడి ఒంటి వేడికి దగ్గరైతే ఎదుటి మనిషినీ గుర్తించలేకపోవచ్చు.

అసలు చిక్కు ఇంకోటి. కిందపడి కదలలేని మనిషి ఈ సెన్సర్‌కు ఖాళీ గదిలాగే కనిపిస్తారు. అందుకే కదలిక వస్తే కాదు, రాకపోతే మీ ఫోను మోగేలా పెట్టాలి. ‘ఉదయం 8 లోపు వంటింట్లో కదలిక లేకపోతే’ అన్నది ఒక నియమం. ‘బాత్రూమ్ తలుపు 40 నిమిషాలు మూసే ఉంటే’ అన్నది రెండోది. దీనికోసం బయటికొచ్చాక తలుపు తీసే ఉంచమని చెప్పండి. లోపలి గడియ బయటి నుంచి కూడా తీయగలిగేదిగా మార్చండి, లేకపోతే అలర్ట్ అందినా తలుపు దగ్గరే ఆగిపోతారు. ఈ వేళలు మీ ఊహతో పెట్టొద్దు. రెండు వారాలు సెన్సర్ల నమోదు చూసి, ఆవిడ అలవాటును బట్టి పెట్టండి. పక్కింటివాళ్ల దగ్గర ఒక తాళంచెవి ఉంచండి.

ప్రశ్న: నాన్నగారింట్లో ఇవన్నీ పెట్టాం. ఒకరోజు పొద్దుటి నుంచి కరెంటు లేదు, మాకు ఏ అలర్టూ రాలేదు. అంతా బాగుందనుకున్నాం. ఎందుకిలా?

జవాబు: సెన్సర్లు బ్యాటరీతో నడిచినా, రౌటర్, హబ్ ఆగిపోతే వార్త ఇల్లు దాటదు. రెండింటినీ చిన్న యూపీఎస్‌కు కలపండి. యాప్‌లో ‘హబ్ ఆఫ్‌లైన్’ అలర్ట్ ఉంటే తప్పక ఆన్ చేయండి. అది రాగానే నాన్నగారికి ఫోన్ చేయాలి. మీ ఫోన్లో ఆ యాప్‌కు బ్యాటరీ పొదుపు తీసేయండి, డూ నాట్ డిస్టర్బ్‌లో మినహాయింపు ఇవ్వండి. డోర్ సెన్సర్ మూసిన తలుపును తెరిచినట్టు చూపిస్తుంటే దానికి జతగా ఉండే అయస్కాంతం ముక్క దూరం జరిగిందేమో చూడండి, రెండింటి మధ్య ఖాళీ కంపెనీ చెప్పిన దూరం దాటకూడదు. నెలకోసారి బాత్రూమ్ తలుపును 40 నిమిషాలు మూసి ఉంచి, మీ ఫోను మోగుతుందో లేదో చూసుకోండి.